కలుపు చచ్చింది, నీళ్లు పచ్చబడ్డాయి: ఒక చెరువు కేస్ స్టడీ

చెరువులు బాగుచేయడం మా పని. ఈ చెరువు వాళ్లు మమ్మల్ని పిలిచేసరికి అందులో కలుపు లేదు. కలుపు లేకుండా చేసిన తీరుతోనే అసలు సమస్య మొదలైంది.

దాదాపు ఐదెకరాల నీళ్లు, చుట్టూ ఇళ్లు. గట్టు దగ్గర మూడు మీటర్ల లోతు, మిగతా చాలా భాగంలో నడుము లోతు నుంచి భుజాల లోతు. ఏళ్ల తరబడి గుర్రపుడెక్క అల్లుకుపోయి, నీళ్లనేవే కనిపించేవి కావట. విసిగిపోయిన నిర్వహణ కమిటీ ఒక కాంట్రాక్టరుకి పని అప్పజెప్పింది. ఆయన మంచి ఎండల్లో, చెరువు మొత్తానికీ ఒకేసారి కలుపుమందు కొట్టించాడు. ఆకులు గోధుమరంగుకి తిరిగాయి, మొక్కలు కుళ్లి మునిగిపోయాయి, నీళ్లు బయటపడ్డాయి. అందరూ సంతోషించారు. కొద్ది రోజులకే ఒక తెల్లవారుజామున చేపలు వెల్లకిలా తేలాయి. ఆ తర్వాత నీళ్లు చిక్కటి ఆకుపచ్చకి మారి, గాలి వీచిన వైపు ఒడ్డున తెట్టు కట్టి, కంపు కొట్టడం మొదలైంది.

"మందు కొట్టించాం, కలుపు చచ్చింది. మరి ఇదేంటండీ?" అని కార్యదర్శిగారు అడిగారు. ఆమె కోపంలో న్యాయం ఉంది. డబ్బు పెట్టి ఒక సమస్యని తీసేసి, దాని చోట ఇంకో పెద్ద సమస్యని తెచ్చుకున్నారు వాళ్లు.

జరిగింది ఇది. గుర్రపుడెక్క ఒళ్లంతా నీరే, బరువులో 95 శాతం దాకా ఉంటుంది. మిగిలిన ఆ కాస్త పదార్థంలో అది నీళ్లలోంచి లాక్కున్న నత్రజని, భాస్వరం దాచుకుని ఉంటుంది. మొక్కని బయటికి తీస్తే ఆ పోషకాలు కూడా బయటికి వస్తాయి. నీళ్లలోనే చంపితే మొత్తం తిరిగి నీళ్లలోనే కలుస్తాయి. పైగా అంత ఆకు ఒకేసారి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ని పీల్చేస్తాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది, ఎండాకాలంలో కుళ్లడమేమో వేగంగా జరుగుతుంది. చేపలు చచ్చింది మందు విషానికి కాదని, ఊపిరాడక అని నేను అనుకోవడానికి కారణం ఇదే. తెల్లవారుజామునే చచ్చాయన్న విషయం కూడా దానికి సరిపోతుంది, ఎందుకంటే రాత్రంతా ఆక్సిజన్ ఖర్చే తప్ప తయారీ ఉండదు. మందు వాడక తప్పని చోట కూడా చెరువులో మూడో వంతుకి మించి ఒక విడతలో కొట్టకూడదు, మధ్యలో రెండు మూడు వారాలు ఆగాలి అనే పద్ధతి అందుకే వచ్చింది.

పని మొదలుపెట్టే ముందు కొలతలు. సెక్కీ పళ్లెం అని తెలుపు, నలుపు భాగాలున్న 20 సెంటీమీటర్ల బిళ్ల ఉంటుంది, 1865లో ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కీ సముద్రంలో పరీక్షించి చూపించిన పద్ధతి. తాడు కట్టి దించుతూ, ఎక్కడ కనుమరుగవుతుందో చూస్తాం. మా దగ్గరున్న సామానులో ఇంత చవకైనది, ఇంత నిజం చెప్పేది మరొకటి లేదు. ఇక్కడ అది మోచేతి లోతు కూడా దిగకుండానే మాయమైంది. తెల్లవారేముందు ఆక్సిజన్ పైన లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర, అడుగున సున్నా. అదే నీళ్లలో మధ్యాహ్నం పైపొరలో ఆక్సిజన్ పొంగిపొర్లుతోంది, పీహెచ్ 9 దాటింది. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్‌ని లాగేసుకోవడం వల్ల పీహెచ్ అలా ఎగబాకుతుంది. పగటికీ రాత్రికీ ఇంత ఊగిసలాట ఉంటే ఆ చెరువుని నాచు నడిపిస్తోందని అర్థం.

ఏ నాచు అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి మైక్రోస్కోపు కన్నా ముందు ఒక గాజు సీసా చాలు. చెరువు నీళ్లు ముప్పాతిక వంతు పట్టి, మూత బిగించి, ఎండ పడని చోట కదపకుండా రాత్రంతా ఉంచాం. పొద్దున్న చూస్తే సీసాలో నీళ్లు దాదాపు తేరుకున్నాయి, ఆకుపచ్చ మొత్తం పైకి చేరి మందంగా ఒక వలయం కట్టింది. మామూలు ఆకుపచ్చ నాచు అయితే అడుగుకి దిగుతుంది. పైకి తేలిందంటే నీలి ఆకుపచ్చ నాచు, అంటే సయనోబాక్టీరియా. దాని కణాల్లో చిన్న చిన్న గాలి తిత్తులుంటాయి, వాటితోనే అది తేలుతుంది. ఇది నూటికి నూరు పాళ్లు నమ్మదగ్గ పరీక్ష కాదు, కానీ ఆ రోజే జాగ్రత్త పడటానికి సరిపోతుంది. తర్వాత మైక్రోస్కోపు కింద మైక్రోసిస్టిస్ అనే సయనోబాక్టీరియా గుంపులు కనబడ్డాయి. వీటిలో కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. తాగే నీళ్లలో ఆ విషంలో ఒక రకమైన మైక్రోసిస్టిన్-ఎల్ఆర్ లీటరుకు 1 మైక్రోగ్రాము మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. ఆ సాయంత్రమే ఒడ్డు చుట్టూ బోర్డులు పెట్టించాం: తెట్టు ఉన్న చోట పిల్లల్ని దిగనివ్వొద్దు, కుక్కల్ని నీళ్లు తాగనివ్వొద్దు.

ఇక అడుగు. రెండు మీటర్ల పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని బురదలోకి నిలువుగా దింపి, పై కంత మూసి, మెల్లగా పైకి తీశాం. గొట్టంలో చెరువు చరిత్ర వరసగా కనిపించింది. అన్నిటికన్నా పైన, పట్టుకుంటే నిలవని గోధుమరంగు మడ్డి. దాని కింద జానెడున్నర నల్లటి బురద, బుడగలు వస్తూ, కుళ్లిన గుడ్ల వాసనతో. అందులో గుర్రపుడెక్క వేళ్లు ఇంకా గుర్తుపట్టేలా ఉన్నాయి. దాని కింద గట్టి బూడిదరంగు బంకమట్టి, అంటే చెరువు తవ్విన నాటి అడుగు. నల్ల బురదని వేళ్ల మధ్య రుద్దితే ఇసుక తగల్లేదు, జారిపోయింది. వాన కాలువ దిగే మూల మాత్రం వేరు. అక్కడ మోకాలి లోతు పూడిక, రుద్దితే గరగరమనే ఒండ్రు, దాని మధ్య మధ్య గడ్డి పొరలు. ఈ తేడా పట్టుకోవడం ముఖ్యం. కుళ్లు బురద చెరువులో పుట్టింది, ఒండ్రు బయటినుంచి వచ్చింది. రెండింటికీ ఒకే వైద్యం పనిచేయదు.

గడ్డి పొరలు ఎక్కడివో తేల్చుకోవడానికి వాన కోసం ఆగాం. చెరువు గురించి చెరువు ఒడ్డున నిలబడి తెలుసుకోగలిగింది సగమే, మిగతా సగం వానలో తడుస్తూ కాలువ వెంట పైకి నడిస్తే తెలుస్తుంది. పచ్చిక కోసినవాళ్లు ఆ గడ్డిని నేరుగా కాలువలోకి ఊడ్చేస్తున్నారు. పచ్చికకి వేసిన ఎరువు గుళికలు సిమెంటు దారి మీద చెల్లాచెదురుగా పడి, వాన నీళ్లలో కరిగిపోతున్నాయి. ఒక చోట మురుగు మ్యాన్‌హోల్ పొంగి, సన్నటి ధారగా అదే కాలువలో కలుస్తోంది. ఆ ధార ఎండాకాలంలో కూడా ఆగదని అక్కడి తోటమాలి చెప్పాడు. ఎన్నేళ్లుగా ఉందో ఆయనకీ గుర్తులేదు.

నీళ్ల నమూనాలు ల్యాబుకి పంపితే మొత్తం భాస్వరం లీటరుకు 100 మైక్రోగ్రాముల గీత దాటి చాలా పైనే ఉంది. ఆ గీత పైనున్న చెరువుని పోషకాలు అతిగా పేరుకున్న చెరువుగా లెక్కేస్తారు. మేం అందరం భాస్వరం చుట్టూ తిరగడానికి కారణం ఉంది. 1973లో కెనడాలోని ఒంటారియోలో 226 నంబరు సరస్సుని మధ్యలో తెరతో రెండు ముక్కలు చేసి, ఒక పక్క కర్బనం, నత్రజని వేశారు, రెండో పక్క వాటితో పాటు భాస్వరం కూడా వేశారు. భాస్వరం పడిన పక్క మాత్రమే నాచుతో పచ్చబడింది. విమానంలోంచి తీసిన ఆ ఫొటో చూపించాకే కమిటీ సభ్యులకి నా మాట మీద గురి కుదిరింది. లెక్కలు ఎన్ని చెప్పినా అంత పనిచేయలేదు.

అప్పటికే వాళ్ల దగ్గర రెండు కొటేషన్లు ఉన్నాయి. ఒకటి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చల్లే పని, రెండోది చెరువు మధ్యలో ఫౌంటెన్, దాంతోపాటు బురదని తినేస్తుందంటూ బాక్టీరియా గుళికలు.

మైలుతుత్తం వద్దని గట్టిగా చెప్పాను. నాచుని అది చంపుతుంది, నిజమే. కానీ సయనోబాక్టీరియా కణాలు పగిలితే లోపలి విషం ఒక్కసారిగా నీళ్లలోకి వస్తుంది. చచ్చిన నాచు మళ్లీ ఆక్సిజన్ తింటుంది, మళ్లీ బురదవుతుంది, భాస్వరం గ్రాము కూడా తగ్గదు. రాగి అడుగున పేరుకుంటుంది. గుళికల సంగతికొస్తే, ఆ బురదలో బాక్టీరియాకి కరువు లేదు, ఆక్సిజన్‌కి కరువు. గాలి అందని చోట ఎన్ని గుళికలు వేసినా కుళ్లడం నత్తనడకనే సాగుతుంది. ఫౌంటెన్ చూడ్డానికి బావుంటుంది, పైపొర నీళ్లనే పైకి చిమ్ముతుంది, అడుగుని తాకదు.

మేం పెట్టుకున్న వరస వేరు. ముందు లోపలికి వచ్చేదాన్ని ఆపడం, తర్వాత లోపల ఉన్నదాన్ని బయటికి మోయడం, మోయలేనిదాన్ని అక్కడే కట్టిపడేయడం. ఈ వరస తిరగేస్తే డబ్బంతా నీళ్ల పాలే. అమెరికాలోని వాషింగ్టన్ సరస్సు దీనికి మంచి ఉదాహరణ. అందులోకి వచ్చే మురుగుని 1963 నుంచి 1968 వరకు దశలవారీగా మళ్లించారు. సరస్సులో మందులేవీ చల్లకుండానే కొన్నేళ్లలో నీళ్లు తేరుకున్నాయి. అయితే అది లోతైన సరస్సు. మన చెరువులాంటి లోతు తక్కువ నీళ్లలో అడుగు బురదే భాస్వరం గోదాము, బయటినుంచి రావడం ఆగినా ఏళ్ల తరబడి అదే సరఫరా చేస్తుంది.

మ్యాన్‌హోల్ మరమ్మతు మొదటి పని. దానికి చెరువు పని అన్న పేరు లేదు కాబట్టి కమిటీలో కొందరు గునిశారు, కానీ ఈ మొత్తం కేసులో ఎక్కువ ఫలితం ఇచ్చింది అదేనని నా నమ్మకం. పచ్చికకి భాస్వరం లేని ఎరువుకి మారారు. మట్టి పరీక్షలో భాస్వరం ముందే సరిపడా ఉందని తేలింది కాబట్టి గడ్డికి లోటేమీ రాలేదు. కోసిన గడ్డి కాలువలో పడకుండా కుప్ప వేయడానికి చోటు చూపించాం. ఒడ్డు వెంబడి నాలుగైదు మీటర్ల పట్టీని కొయ్యకుండా వదిలేసి తుంగ, ఇతర నీటి అంచు మొక్కలు పెంచాం. జమ్ముని మాత్రం నాటలేదు. అది ఒకసారి వేరూనితే లోతు తక్కువ భాగమంతా తనదే అంటుంది.

కాలువ దిగే మూలని పొక్లెయిన్‌తో తవ్వించి, రాళ్ల అడ్డుకట్ట వేసి, ఒక పూడిక గుంటగా మార్చాం. వాన నీళ్లు అక్కడ వేగం తగ్గి, ఒండ్రుని దింపుకుని, అడ్డుకట్ట మీదుగా చెరువులోకి వెళ్తాయి. చెరువంతా పూడిక తియ్యమని కొందరు అడిగారు. అంత బురద ఎక్కడ వేస్తారన్నది ముందు తేలాలి కదా! ఒడ్డునే పోస్తే దాని రసం మళ్లీ చెరువులోకే దిగుతుంది. తీసిన పూడికని గట్టు అవతల, వాలు బయటివైపుకి ఉన్న చోట ఆరబెట్టించాను. అంచుల్లో మిగిలిన గుర్రపుడెక్కనీ చేత్తో లాగించి అక్కడికే పంపాం.

ఏరేటర్లు లోతైన గట్టు వైపు పెట్టాం. ఒడ్డున కంప్రెసర్, అడుగున సన్నటి బుడగలు వదిలే డిఫ్యూజర్లు. బుడగ పైకి వచ్చే దారి ఎంత పొడవైతే అంత నీటిని తనతో లాక్కొస్తుంది, అందుకే లోతు తక్కువ చోట పెడితే కరెంటు దండగ. మొదటి రోజే పూర్తిగా ఆన్ చేసేయాలని వాళ్ల ఎలక్ట్రీషియన్ ఉత్సాహపడ్డాడు. ఆపాను. అడుగున ఆక్సిజన్ లేని నీళ్లు, హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా పైకి వస్తే బతికున్న చేపలు కూడా పోతాయి. తొలి రోజు పావుగంట, తర్వాత రోజుకి రెట్టింపు చేసుకుంటూ పోయి, చివరికి రాత్రంతా నడిచేలా చేశాం.

బురదలోని భాస్వరం కోసం పటిక. అడుగున ఆక్సిజన్ ఉన్నంతసేపు భాస్వరాన్ని ఇనుము పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ అయిపోగానే ఇనుము రూపం మారి, భాస్వరాన్ని వదిలేస్తుంది. పటికలో ఉండే అల్యూమినియంకి ఆ బలహీనత లేదు, ఆక్సిజన్ ఉన్నా లేకపోయినా పట్టు వదలదు. కాకపోతే పటిక నీళ్లని ఆమ్లం వైపు లాగుతుంది. పీహెచ్ 6 కన్నా దిగితే కరిగిన అల్యూమినియం చేపలకి విషం, 9 దాటినా అది మళ్లీ కరుగుతుంది. అందుకని ముందు నీటి క్షారత, అంటే ఆమ్లాన్ని తట్టుకునే శక్తి, కొలిచి, బకెట్లలో వేర్వేరు మోతాదులు కలిపి పరీక్షించి, క్షారత తట్టుకునే మోతాదు తేల్చుకున్నాం. మధ్యాహ్నం పీహెచ్ ఎగబాకే చెరువు కాబట్టి తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండెక్కేలోపు ఆపేవాళ్లం. పడవ వెనక తెల్లటి మెత్తని తుంపులు ఏర్పడి, నాచుని కూడా పట్టుకుని మెల్లగా కిందికి దిగుతుంటే ఒడ్డున జనం గుమిగూడి చూశారు. మురుగు ఆగకముందు పటిక వేసి ఉంటే, ఆ పొర మీద కొత్త బురద పేరుకుని ఒకటి రెండు ఏళ్లలో అంతా వృథా అయ్యేది. మీ ప్రాంతంలో నీటి వనరుల్లో ఇలాంటివి వాడటానికి అనుమతి తీసుకోవాల్సి ఉంటే అది ముందే తీసుకోండి. చేపలున్న చెరువులో ఈ పనిని అనుభవం లేనివాళ్లు సొంతంగా చేయకూడదు.

నీళ్లు తేరుకున్నాయి. పళ్లెం మీటరు లోతులోనూ కనబడసాగింది. అప్పుడు వచ్చింది అసలు గొడవ.

వెలుతురు అడుగుకి చేరగానే హైడ్రిల్లా అనే, నీళ్లలో మునిగి పెరిగే కలుపు మొలిచింది. బురదలో దాని దుంపలు ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగలవు. నెలల్లోనే చెరువులో సగం దాకా పాకి, కొన్ని చోట్ల పైకి తేలింది. "మళ్లీ కలుపే కదండీ, ఇంత చేసి ఏం లాభం?" అని ఫోన్లు మొదలయ్యాయి. గ్రాస్‌కార్ప్ చేపలు వదిలితే అంతా తినేస్తాయని ఎవరో సలహా ఇచ్చారట.

నిజంగానే తినేస్తాయి. నేను వద్దన్నది అందుకే. లోతు తక్కువ చెరువు రెండు స్థితుల్లో ఏదో ఒకదానిలో స్థిరపడుతుంది: మొక్కలున్న తేట నీళ్లు, లేదా మొక్కలు లేని పచ్చటి నీళ్లు. నీటి మొక్కలు అడుగు బురదని కదలనివ్వవు, పోషకాల కోసం నాచుతో పోటీ పడతాయి, నాచుని తినే డాఫ్నియాలాంటి సూక్ష్మ జీవులకి చేపలనుంచి దాక్కునే చోటిస్తాయి. గ్రాస్‌కార్ప్ ఎక్కువైతే మెత్తటి మొక్కలన్నిటినీ ఊడ్చేసి, భాస్వరాన్ని పెంట రూపంలో నీళ్లకి తిరిగిచ్చేస్తుంది. వదిలాక మళ్లీ పట్టుకోవడం కూడా తేలిక కాదు. ఏ మొక్కా లేని, నాచూ లేని, అడుగు కనిపించే నీళ్లు ఈత కొలనులో ఉంటాయి, చెరువులో ఉండవు. మొదటి సమావేశంలోనే ఈ మాట చెప్పాను, ఇప్పుడు మళ్లీ కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. నిజం చెప్పాలంటే ఈ వృత్తిలో పంపులు, మందులకన్నా ఎక్కువ సమయం దీనికే పోతుంది.

చివరికి చెరువు పటం ముందేసుకుని, ఎక్కడ ఎవరికి ఏం కావాలో గీతలు గీశాం. పడవలు దిగే చోట అడుగున మందపాటి పట్టా పరిచి, బరువులు పెట్టి, వెలుతురు తగలకుండా చేశాం. కూర్చునే బల్లల ముందు, పడవ దారిలో హైడ్రిల్లాని కత్తిరించి తీసేయాలని, మిగతా చోట్ల అడుగులో కనీసం మూడో వంతు మొక్కలు ఉండనివ్వాలని ఒప్పుకున్నారు. కత్తిరించడంలో ఒక కష్టం ఉంది. తెగిన ప్రతి ముక్కా, కణుపు ఉంటే చాలు, ఇంకో చోట వేరూనుతుంది. అందుకని కోసే చోటుకి చుట్టూ తేలే వల కట్టి, ముక్కలన్నీ ఏరి ఒడ్డెక్కించాకే వల విప్పుతారు. ఏరినదాన్ని అదే రోజు గట్టు దాటిస్తారు.

గుర్రపుడెక్క కథ కూడా పూర్తవలేదు. దాని విత్తనాలు బురదలో 15, 20 ఏళ్లు బతికి ఉండగలవు. ఎండలకి నీళ్లు తగ్గి అంచు బురద బయటపడినప్పుడల్లా కొత్త మొలకలు వస్తున్నాయి. అనుకూలమైన వేడిలో రెండు వారాల్లో రెట్టింపయ్యే మొక్క అది. ఈ వారం వదిలేసిన బుట్టెడు వచ్చే సీజన్‌కి పడవ పట్టనంత అవుతుంది. తోటమాలి వారానికోసారి ఒడ్డంతా తిరిగి చేత్తో ఏరేస్తున్నాడు. ఆ పనికి ఆయన జీతంలో విడిగా సమయం కేటాయించమని కమిటీని ఒప్పించాం, లేకపోతే ఎప్పుడో ఒకప్పుడు మరుగున పడిపోయే పని అది.

ఇప్పటి పరిస్థితి ఇదీ. తెల్లవారేముందు కూడా ఆక్సిజన్ 4 మిల్లీగ్రాములకి దిగడం లేదు, చేపలు చావలేదు, కంపు లేదు. అడుగున నల్ల బురద పైపొర గోధుమరంగుకి తిరిగింది కానీ మందం పెద్దగా తగ్గలేదు. అది త్వరగా తగ్గుతుందని నేను ఎవరికీ మాటివ్వను. గాలి లేని వేడి రోజుల్లో గట్టు మూలన సన్నగా నీలి ఆకుపచ్చ తెట్టు ఇప్పటికీ కడుతుంది. అలాంటప్పుడు బోర్డులు మళ్లీ బయటికి వస్తాయి, గాలి తిరిగాక కొద్ది రోజుల్లో తెట్టు చెదిరిపోతుంది.

పూడిక గుంట మేం అనుకున్నదానికన్నా త్వరగా నిండుతోంది. పై వైపున కొత్త ఇంటి పునాదులు తవ్వి, మట్టి గుట్టలు కప్పకుండా వదిలేశారు. వానలకి ముందే గుంట ఖాళీ చేయించాలని, ఆ మట్టికి కింద అడ్డు కట్టించాలని కమిటీకి రాసిచ్చాం. జవాబు వచ్చింది, పొక్లెయిన్ మాట్లాడుతున్నారు.